పిన్నులు కొట్టిన పేజీలు

నాకంటే ముందున్న మాస్టారు
ఆరో పాఠాన్ని స్టేప్లర్‌తో కుట్టేసి బదిలీ మీద వెళ్ళిపోయారు.
ముప్ఫయ్యెనిమిది పుస్తకాలు, ఒక్కోదానికి నాలుగు పిన్నులు.
ఉప్పుగాలికి తుప్పుపట్టి
పేజీల అంచున మరకలు పెట్టాయవి.
"రెండు మార్కుల ప్రశ్నే కదా మేడమ్,
పిల్లలే చదూకుంటారు" అన్నారు హెడ్మాస్టరు,
నా మొహం చూడకుండా, కిటికీలోంచి ఉప్పుమడుల్ని చూస్తూ.

సోమవారం, మూడో పీరియడ్, నౌపడ.
పిన్నులు ఊడదీయడంతో మొదలైంది పాఠం,
గోళ్ళతో, కంపాస్ మొనలతో,
కూర్మారావయితే పళ్ళతో.
మగపిల్లల్ని వాలీబాల్‌కి పంపెయ్యమన్నారు.
పంపలేదు.
వాళ్ళేమైనా ఆకాశంలోంచి ఊడిపడ్డారా?

అరగంట గుమ్మడిపువ్వు గురించి చెప్పాను.
మగపువ్వు, ఆడపువ్వు,
రేకుల కింద గోలీకాయంత పిందె,
తుమ్మెద రాని పొద్దున
మా అమ్మ తనే పుప్పొడి తెచ్చి అద్దడం.
నా గొంతు హాయిగా సాగింది.
ఢిల్లేశ్వరి లేచి నిలబడింది.
"గుమ్మడిపాదు సంగతి మాకు తెల్సు మేడమ్.
మనుషుల సంగతి సెప్పండి."

సుద్దముక్క విరిగింది.
దాని వయసులో నేను
ఒక అబ్బాయి తాగిన గ్లాసుతో మంచినీళ్ళు తాగి
నెలంతా కడుపు తడుముకున్నాను.
అడగడానికి మనిషి లేదు.

బొమ్మ వంకరగా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాను.
ఇదీ గర్భసంచి, పిడికిలంత.
అటూ ఇటూ అండాశయాలు.
నెలకోసారి ఒక్క అండం బయటికొస్తుంది.
"ఎంతుంటాది మేడమ్?"
మీవాళ్ళు పోగేసే ఉప్పులో
చీపురుకీ చిక్కని రవ్వ ఉంటుందే, అంత.
దాని ఆయుష్షు ఒక్కరోజు.
స్త్రీపురుషులు కలిసినప్పుడు
(కలవడమంటే ఏమిటో కూడా చెప్పాను,
పుస్తకం దాటేసిన ఆ ఒక్క వాక్యం,
గొంతు తగ్గించకుండా)
కోట్ల వీర్యకణాలు బయల్దేరతాయి.
దాదాపు అన్నీ దారిలోనే పోతాయి.
ఒకటి లోపలికెళ్తుంది,
అండం వెంటనే తలుపేసుకుంటుంది.
ఆ ఒక్క కణం రెండవుతుంది, రెండు నాలుగు,
అలా దొర్లుకుంటూ వారం రోజుల్లో వచ్చి
గర్భసంచి గోడని పట్టుకుంటుంది.
ఆ నెల ముట్టు రాదు.
అదే మొదటి కబురు.

కరెంటు పోయింది. ఎవరూ నవ్వలేదు.

బిస్కెట్ డబ్బాకి చిల్లుపెట్టి తిప్పాను,
పేర్లు రాయొద్దన్నాను.
చెయ్యి పట్టుకుంటే వస్తాదా?
రాదు.
మొదటిసారికి రాదంట గదా?
వస్తుంది. ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు.
మనకిష్టం లేపోతే?
ఈ చీటీ రెండుసార్లు చదివాను.
ఇష్టం లేకుండా మిమ్మల్ని ఎవరూ ముట్టుకోకూడదు,
ముట్టుకుంటే నాకు చెప్పండి,
అర్ధరాత్రయినా సరే, అని నా ఫోన్ నంబరు బోర్డు మీద రాశాను.
అది ఇవాళ్టికీ చెరపలేదు.

అడుగున ఇంకోటి.
ఆడగుంట పుడితే ఎవులి తప్పు?
ఆ అక్షరాల ఒంపు నాకు తెలుసు.
అండంలో ఎప్పుడూ ఎక్స్ ఒక్కటే, అన్నాను
ఎవరి వైపూ చూడకుండా.
వీర్యకణం ఎక్స్ తెస్తే ఆడపిల్ల, వై తెస్తే మగపిల్లాడు.
తెచ్చేది నాన్న. ఎంచుకునేది ఆయన కూడా కాదు.

మంగళవారం బడి గేటు దగ్గర ఒకావిడ.
మడుల్లోంచి సరాసరి వచ్చినట్టుంది,
మడమల పగుళ్ళలో తెల్లగా ఉప్పు.
"నలుగురూ ఆడగుంటలే నాకు.
పదారేళ్ళై నన్నే అంతన్నారు.
మా ఢిల్లి సెప్పింది నిజిమేనా?"
నిజమే, తప్పు మాత్రం ఎవరిదీ కాదు, అన్నాను.
మొదటి మాట దగ్గరే ఆగిపోయిందావిడ.
"కాయితమ్మీద రాసియ్యండి.
ఇస్కూలు ముద్ర కూడా ఎయ్యండి."

హెడ్మాస్టరు స్టాంపు ప్యాడు వెతికారు,
ఎండిపోయి ఉంటే రెండు చుక్కలు నీళ్ళు పోశారు,
కాయితంలో ఏముందో చదివారు,
ఏమీ అనకుండా గట్టిగా నొక్కారు.

"నాకు సదువు రాదు" అంది ఆవిడ
మడతపెట్టి కొంగున ముడేస్తూ.
"ఆయనకొచ్చు."